బోనెట్ మీద చెయ్యి

పొద్దున్నే పొగమంచు చూడటానికి వచ్చే టూరిస్టుల్ని మా ఆయన తన పాత కారులో కొండమీదికి తీసుకెళ్లేవాడు. జ్వరంతో ఆయన పోయాక ఆ స్టీరింగు నేను పట్టుకున్నాను. ఇంకెవరు పట్టుకుంటారు?

చలికాలం రాగానే ఇంజను మొండికేసింది. స్టార్టవుతుంది గానీ వేడెక్కదు. ఎంత దూరం నడిపినా టెంపరేచర్ ముల్లు అడుగునే పడి ఉండేది, హీటరు చల్లగాలి కొట్టేది. మా అత్త రోజూ తాను చోడంబలి తాగే ముందు ఆకుడొప్పలో కాస్త పోసి ముందు చక్రం దగ్గర పెట్టేది. బోనెట్ మీద అరచెయ్యి ఆనించి, "నా గుంటడికి సలి తగ్గనేదే. ఇందులోనే ఉన్నాడు," అనేది.

నాకు దెయ్యాల మాటలంటే ఒళ్లు మంట. "ఇంజనత్తా అది, మనిషి కాదు!" అని కసిరేదాన్ని. కసిరి, కారెక్కగానే పక్క సీటు వైపు చూసేదాన్ని. ఆఖరి రోజుల్లో ఆయన వణికిన వణుకే స్టీరింగులో తెలిసేది. భయమేసేది. అంతకన్నా, నిజంగా ఉంటే బాగుండునన్న ఆశే ఎక్కువ.

సంతరోజు పెదబయలులో మెకానిక్కుకి చూపించాను. చల్లగా ఉన్న ఇంజను స్టార్ట్ చేయించి, రేడియేటరుకి పైన ఉన్న పైపు పట్టుకోమన్నాడు.

"అప్పుడే గోరువెచ్చగా ఉంది," అన్నాను.

"ఇంజను కాగీవరకూ అది సల్లగుండాలమ్మా. నీళ్లు ముందే రేడియేటరులోకి ఎల్లిపోతన్నాయి. ఆటిని ఆపీ వాల్వు ఉందో నేదో సూద్దాం."

ఆ పైపు ఇంజనులో కలిసేచోట మూత విప్పితే, వాల్వు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఇంజను మరిగిపోతుందని ఇక్కడి డ్రైవర్లు దాన్ని పీకేస్తారు. మా ఆయనా పీకేశాడు. ఎండల్లో బాగానే నడిచింది, ఈ మంచులో బయటపడింది. ఆ గుండ్రటి ఖాళీలో వేలు పెట్టాను. అక్కడ ఆఖరిసారి తగిలింది ఆయన వేళ్లే. అలాగే వదిలెయ్యమని చెప్పాలనిపించింది. కానీ హీటరు లేని కారు ఈ చలిలో ఎవరెక్కుతారు? కొత్త వాల్వు బిగించమన్నాను.

మర్నాడు స్టార్ట్ చేశాను. ముల్లు మెల్లగా లేచి సగంలో నిలబడింది. అత్త డొప్పతో వచ్చి, బోనెట్ మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేసింది.

"ఎల్లిపోనాడే," అంది.

నాకు ఏడుపొచ్చింది.

"మళ్లీ పీకించెయ్యమంటావా అత్తా?"

ఆమె డొప్ప నా చేతిలో పెట్టింది.

"వద్దే అమ్మీ. ఇన్నాళ్లూ సలిలోనే ఉన్నాడు గదా."