బాపు చదివిన పడవ పుస్తకం

మా బడిలో ఒక చెక్క బీరువా ఉండేది. అందులో పది పన్నెండు కథల పుస్తకాలుండేవి. సారు శనివారం ఒకటి ఇచ్చి మళ్ళీ శనివారం అడిగి తీసుకునేవారు. ఐదో తరగతికి వచ్చేసరికి నేను రెండు చదివేశాను. ఒకటి దారి తప్పిన ఏనుగుపిల్ల కథ, రెండోది దొంగల గుహలో చిక్కుకున్న అన్నాచెల్లెళ్ళది. మూడోది పడవ పుస్తకం. దానికి అట్ట లేదు. పేరేమిటో, రాసిందెవరో ఎవరికీ తెలియదు. వరదలో ఇంటివాళ్ళకు దూరమైన ఒక పిల్ల, ముసలి పడవవాడితో కలిసి గోదావరి మీద రేవు రేవునా తల్లిని వెతుక్కుంటూ పోతుంది. మొత్తం పద్దెనిమిది ప్రకరణాలు. ప్రతి ప్రకరణం చివరా ఒక రేవు వస్తుంది. అక్కడ తల్లి ఉండదు.

నేను ఏడో ప్రకరణంలో ఉండగా నా కంటికి దెబ్బ తగిలింది.

అది అరవయ్యో దశకం మొదట్లో ఒక ఎండాకాలం. ఒంటిపూట బడి. మా నాన్నను బాపు అనేవాళ్ళం. ఆయన ఆర్మూర్ పసుపు బజారులో ఒక అడ్తి దుకాణంలో, కమిషన్‌కు సరుకు అమ్మిపెట్టేచోట, కాంటా మీద బస్తాలు తూచేవాడు. మా ఇంటి పక్క జాగాలో, ఎండిన పసుపు కొమ్ములను గోనెపట్టాల్లో వేసి పొట్టు పోయేదాకా రుద్దేవాళ్ళు. నీడ ఉంటుందని నేను అక్కడి బస్తాల పక్కన చేరి చదువుకునేదాన్ని. మా అమ్మను అవ్వ అని పిలిచేవాళ్ళం. ఆమె ఎన్నోసార్లు తిట్టింది. "పుస్తకం పట్టుకొని గక్కడ కూసోకు. ఇంకోపారి జూస్తే పుస్తకం పొయిల వెడ్త."

ఆ రోజు పసుపు పెళ్ళ ఒకటి ఎగిరి నా కుడికంట్లో పడింది. పసుపు అంటిన చేతులతోనే నలుపుకున్నాను. మంట. కానీ చెబితే పుస్తకం పొయ్యిలోకి పోతుంది. నీళ్ళు కొట్టుకుని, కళ్ళలో దుమ్ము పడిందని చెప్పి, రెండు రోజులు దాచాను. ఆ రెండు రోజులూ కుడికన్ను మూసుకుని ఎడమకంటితో ఏడు, ఎనిమిది ప్రకరణాలు చదివాను.

మూడో రోజుకు రెప్ప వాచి కన్ను తెరుచుకోలేదు. నాయనమ్మ ఒళ్ళో పడుకోబెట్టుకుని ఏదో ఆకు పసరు పిండింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఐదు రోజులు. నేను కాళ్ళు కొట్టుకుంటుంటే అవ్వ పట్టుకునేది. ఐదో రోజు బాపు పనికి పోబోతూ వంగి నా రెప్ప ఎత్తి చూశాడు. నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు లేచిందట. నన్ను తుండులో చుట్టి భుజాన వేసుకుని బస్సు దగ్గరికి పరుగెత్తాడు. చంటి తమ్ముడు ఉన్నాడు కాబట్టి అవ్వ రాలేకపోయింది. పుస్తకం ఇవ్వమని నేను ఏడిస్తే, ఆమె దాన్ని నా చేతుల్లో పెట్టింది. మాక్లూర్ దగ్గర బస్సు ఆగినప్పుడు ఎవరో "పిల్లకేమైంది?" అని అడిగారు. బాపు నా తల ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

నిజామాబాద్ దవాఖానలో డాక్టరు చూసి మండిపడ్డాడు.

"ఇన్ని దినాలు ఏం జేసిండ్రు? పసరు పోసి పుండు జేసిండ్రు. ఈ కన్ను నిలుస్తదని చెప్పలేను. దీంతోని రెండోదానికి సుత రావచ్చు."

"రెండూ పోతయా సారూ?" అన్నాడు బాపు.

డాక్టరు నర్సమ్మను పిలిచాడు. కదలకుండా ఉండాలని రెండు కళ్ళకూ కట్టు కట్టించాడు.

ఆ చీకటి గురించి చెప్పడం నా వల్ల కాదు. పక్క మంచం మనిషి దగ్గు వినబడితే పగలో రాత్రో తెలిసేది కాదు. "బాపూ, ఉన్నవా?" అని గడియకోసారి అడిగేదాన్ని. ఉన్నానని నా కాలు పట్టుకునేవాడు. రెండో రోజు నాలో ఒక పిచ్చి పట్టుదల పుట్టింది. పుస్తకంలోని ఆ పిల్లకు తల్లి దొరికితే నాకు కళ్ళు వస్తాయి. కట్టు విప్పేలోపు పుస్తకం అయిపోవాలి.

"బాపూ, చదువు."

"నాకు తెలుగు రాదు గద బిడ్డా. మా కాలంల బడిల ఉర్దూనే ఉండె."

ఆయన నాలుగో తరగతి దాకా చదివింది ఉర్దూలోనే. వార్డులో ఉన్నవాళ్ళలో చదువు వచ్చినవాళ్ళు లేరు. నర్సమ్మకు తీరిక లేదు. నేను వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టాను. ఏడిస్తే కన్ను చెడుతుందని డాక్టరు చెప్పాడు. బాపు భయపడిపోయాడు.

"ఏడ్వకు, ఏడ్వకు. నీ చెయ్యి ఇయ్యి."

పుస్తకంలో కంటబడ్డ ఒక అక్షరాన్ని నా అరచేతి మీద వేలితో గీశాడు. "గిది గుర్రం నాడ లెక్కుంది. నెత్తి మీద టిక్కుంది. ఏందిది?"

"గ."

అలా మొదలైంది. ఆయన పుస్తకంలో చూసి నా చేతిలో గీసేవాడు, నేను అక్షరం చెప్పేదాన్ని. మొదటి మాటకు వ, డ, ప అని వచ్చింది. మళ్ళీ గీయించుకున్నాను. మళ్ళీ అదే. అప్పుడు అర్థమైంది.

"బాపూ, ఉర్దూ లెక్క కుడి దిక్కు నుంచి వస్తున్నవు. ఎడమ దిక్కు నుంచి రా. అది పడవ!"

"అరె," అన్నాడు బాపు. ఆ దవాఖానలో ఆయన నవ్వగా విన్నది ఆ ఒక్కసారే.

మొదటి రోజు నాలుగు వాక్యాలు. ఒత్తులు వచ్చినచోట ఇద్దరం ఓడిపోయేవాళ్ళం. చేతిలో కింద ఒక కొక్కెం, పక్కన ఒక చుక్క. ఎంత గీసినా తేలేది కాదు. వారం గడిచేసరికి తెలిసిన అక్షరాలు గీయడం మానేశాడు. కూడబలుక్కుంటూ చదివేవాడు, అడ్డం వచ్చినవి మాత్రం గీసేవాడు. ఆయన ఒక మాట దగ్గర ఆగితే చాలు, "జల్ది బాపూ, జల్ది" అని పీకేదాన్ని. నేను మనసులో పెట్టుకున్న మొక్కు ఆయనకు తెలియదు. దుకాణంలో పనేమవుతుందో, ఇంట్లో ఏం వండుకుంటున్నారో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

కట్టు విప్పే రోజుకు పదమూడో ప్రకరణమే అయింది. నేను మంచం పట్టీ పట్టుకుని "ఇయ్యాల వద్దు, రేపు ఇప్పుండ్రి" అని అరిచాను. నర్సమ్మ నా చేతులు పట్టుకుంది. ఎడమకంటి మీది దూది తీయగానే వెలుగు, దాని వెనక గడ్డం పెరిగిన బాపు ముఖం. ఎడమకన్ను మూసి, కుడికన్ను ముందు డాక్టరు వేళ్ళు ఆడించాడట.

"ఎన్ని?"

నేను రెండన్నాను. ఊహించి చెప్పాను. మళ్ళీ అడిగితే మూడన్నాను. డాక్టరు చెయ్యి దించేశాడు.

"ఒక్కటన్న నిలిచింది గద సారూ?" అన్నాడు బాపు. అంటూనే గోడవైపు తిరిగిపోయాడు.

ఆర్నెల్లు చదవకూడదని చెప్పి పంపించారు. ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ అన్నం మానేసి ఉంది. నన్ను చూసి తన చేతులు నేలకేసి కొట్టుకుంది. "గీ చేతులతోనే పోసిన. నా చేతులు ఇరిగిపోను." నేను ఆమె దగ్గర కూర్చుని నిజం చెప్పాను. దెబ్బ తగిలిన రెండు రోజులు నేనే దాచానని. ఆమె నమ్మలేదు. తనను ఓదార్చడానికి అబద్ధం ఆడుతున్నానని నా తల నిమిరింది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. చనిపోయేదాకా ఆ తప్పు తనదే అనుకుంది.

మిగిలిన ఐదు ప్రకరణాలు బాపు ఇంట్లో చదివాడు. పని నుంచి వచ్చి, చేతుల పసుపు కడుక్కుని, అరుగు మీద కూర్చునేవాడు. అవ్వ తమ్ముడికి పాలిస్తూ గడప దగ్గర వినేది. పద్దెనిమిదో ప్రకరణంలో తల్లి దొరికింది. అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం కోపం వచ్చింది. ఎంత కోపమంటే, ఆ పుస్తకం తీసి వాకిట్లోకి విసిరేశాను. బాపు లేచాడు. వెళ్ళి తెచ్చి, మట్టి దులిపి, మర్నాడు తనే బడికి పోయి సారుకు ఇచ్చాడు. సారును అడిగి ఇంకొకటి తెచ్చాడు.

ఆ తర్వాత చాలా నెలలు, పొద్దున లేవగానే ఎవరూ చూడకుండా ఎడమకన్ను మూసుకుని, ఏదో ఒక కాగితం కుడికంటి ముందు పెట్టుకునేదాన్ని. ముక్కుకు తగిలేంత దగ్గరగా. ఒకరోజు బాపు చూశాడు. వచ్చి నా చేతిలోని కాగితం మెల్లగా తీసుకున్నాడు.

"ఇడ్సిపెట్టు బిడ్డా," అన్నాడు. "ఇగ దాన్ని ఇడ్సిపెట్టు."

నేను విడిచిపెట్టలేదు. ఆయన పనికి వెళ్ళేదాకా ఆగి, మళ్ళీ పెట్టుకుని చూశాను.