రత్తమ్మ ఇంటి కాగితాలు

విజయవాడ వచ్చిన ఇరవై రెండేళ్లలో రత్తమ్మ పదకొండు ఇళ్లు మారింది. అద్దె ఎగ్గొట్టి కాదు, ఎవరితోనో తగాదా పడీ కాదు. చేపలమ్మే మనిషి కావటం వల్ల. బందరు పక్కన గిలకలదిండిలో పుట్టి పెరిగిన ఆవిడకు చేపకు వాసన ఉంటుందన్న సంగతి పెళ్లయ్యేదాకా తెలియదు. తెలియజెప్పింది విజయవాడ ఇళ్ల ఓనర్లే. దిగేటప్పుడు "పర్లేదమ్మా, మేమూ తింటాం కదా" అన్నవాళ్లే మూడో నెల తిరిగేసరికి "నీచు వాసన మేడ మీదికొస్తోంది" అనేవాళ్లు. రెండు పూటలా ఫినాయిలు వేసి కడిగినా, ఊదొత్తులు కట్టలకు కట్టలు వెలిగించినా మాట మారేది కాదు. మళ్లీ సామాను ఎక్కించటం, మళ్లీ దించటం.

భర్త ఎల్లారావు ట్రాలీ ఆటోలో బందరు నుంచి సరుకు తెస్తాడు. పటమట వైపు రోడ్డు పక్కన కత్తిపీట వేసుకుని రత్తమ్మ అమ్ముతుంది. ఎల్లారావు మాటకారి కాదు. పోలీసు కనబడినా, బ్యాంకు మేనేజరు కనబడినా ఒకేలా చేతులు కట్టుకుంటాడు. కాబట్టి మాట్లాడే పనులన్నీ రత్తమ్మవే. ఒక్కతే కూతురు, ఉష. ఒక ప్రైవేటు ఆస్పత్రి ల్యాబులో టెక్నీషియను. ఆ అమ్మాయి ఉద్యోగం నిలకడగా ఉందని తేలాక రత్తమ్మ ఒక రోజు అన్నం తింటూ "ఇక పన్నెండో ఇల్లు మనదే కావాల" అంది. ఎల్లారావు తలూపాడు. ఉష మర్నాడే బ్యాంకుకు వెళ్లి కనుక్కుని వచ్చింది.

2020 ఫిబ్రవరి ఆఖర్లో యనమలకుదురులో రెండు గదుల ఇల్లు దొరికింది. వెనకాల బోరు, కడుక్కోవటానికీ ఆరబెట్టుకోవటానికీ కాస్త జాగా. అమ్మేది రామకోటేశ్వరరావుగారని, ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి. తండ్రి కట్టించిన ఇల్లట. అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్నారు. ఆరు నెలల్లోగా రిజిస్ట్రేషను చేయించుకోవాలి, చేయించుకోకపోతే అడ్వాన్సు పోయినట్టే. ఆరు నెలలంటే బోలెడు రోజులనిపించింది అప్పుడు.

బ్యాంకువాళ్లు లోనిస్తామన్నారు గానీ, తమ లాయరు ఆ ఇంటి కాగితాలు చూసి, కొనటానికి అడ్డేమీ లేదని రాసివ్వాలన్నారు. వేరే లాయరు రాస్తే చెల్లదన్నారు. ఆ లాయరు పేరు లక్ష్మీకాంత్. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పక్క సందులో, మేడ మీద ఆఫీసు. మార్చి రెండో వారంలో రత్తమ్మ ఫైలు తీసుకెళ్లి ఇచ్చింది. ఆయన తలెత్తకుండానే "నాలుగు రోజులమ్మా" అన్నాడు. నాలుగు రోజులు పది రోజులయ్యాయి. పదో రోజున దేశం మూసేశారు.

మొదట్లో రత్తమ్మ ఓర్చుకుంది. రోడ్లన్నీ కర్రలు కట్టి ఆపేశారు. పొద్దున మూడు గంటలు మాత్రమే అమ్ముకోనిచ్చేవాళ్లు. అందరికీ వచ్చిన కష్టమే కదా అనుకుంది. జూన్లో ఆఫీసులు తెరిచారని తెలిశాక రోజూ పొద్దున పదకొండింటికి లాయరుగారికి ఫోను చేయటం మొదలెట్టింది. ఫోను మోగేముందు ఎవరో ఖళ్లు ఖళ్లున దగ్గేవాళ్లు. ఆ తర్వాత చేతులు కడుక్కోమనీ దూరం పాటించమనీ పాఠం. ఆ పాఠమంతా విన్నాక గానీ రింగయ్యేది కాదు. ఇంతా విన్నాక లాయరుగారు ఎత్తేవాడు కాదు. మళ్లీ చేస్తే మళ్లీ దగ్గు. జులై వచ్చేసరికి రత్తమ్మకు ఆ దగ్గు వింటేనే ఒళ్లు మండిపోయేది.

ఎప్పుడైనా గుమాస్తా సురేష్ దొరికేవాడు. అతని దగ్గర జవాబులకు కొదవలేదు.

"ఈసీ రావాలండి, ఇల్లు తాకట్టులో లేదని ఇచ్చే కాగితం. సర్వరు పని చెయ్యట్లేదు."

"మొన్న వచ్చిందన్నారుగా సురేషూ?"

"వచ్చిందండి. అందులో ఒక పేజీ సరిగా పడలేదు. మళ్లీ పెట్టాం."

వారం తర్వాత సార్‌కు జలుబు. ఆ పై వారం సందు మొత్తం కంటైన్మెంటు, లోపలికి పోనివ్వటంలేదు. ఆ పై వారం, "ఒపీనియన్ రెడీ అండి. ప్రింటు తియ్యాలంతే. ప్రింటర్లో ఇంకు అయిపోయింది."

"ఇంకు నేను కొని తెస్తా, ఏ రకమో చెప్పు," అంది రత్తమ్మ. సురేష్ ఫోను పెట్టేశాడు.

మర్నాడు ఆవిడ నిజంగానే గవర్నర్‌పేట వెళ్లింది. ఆఫీసుకు తాళం. తాళం మీద దుమ్ము. మెట్ల కింద జిరాక్సు షాపులో అడిగితే, "లాయరుగారు ఏప్రిల్లోనే చల్లపల్లి వెళ్లిపోయారమ్మా, వాళ్లూరు. ఫైళ్లు కూడా కార్లో వేసుకుపోయారు," అన్నారు. రత్తమ్మ ఆ మెట్ల మీదే కూలబడి కాసేపు ఎవరినని లేకుండా తిట్టింది.

ఈలోగా ఇంటి దగ్గర ఇంకో గొడవ. ఉష ఆస్పత్రిలో కరోనా పరీక్షలకు జనం ముక్కుల్లోంచి శాంపిళ్లు తీస్తోందని ఓనరుగారికి తెలిసింది. ఆవిడ మేడ మీంచే, ముక్కుకు కొంగడ్డం పెట్టుకుని చెప్పింది: "మీ అమ్మాయి ఆ పని మానెయ్యాలి, లేదా మీరు ఖాళీ చెయ్యాలి. నెలాఖరుదాకా టైమిస్తున్నా." అదే రోజు సాయంత్రం రామకోటేశ్వరరావుగారి ఫోను. "నేనేం చెయ్యనమ్మా, ఇంకో పార్టీ వచ్చారు. ఇరవై ఐదో తారీఖుతో మన గడువైపోతుంది. తర్వాత నన్నేమీ అనొద్దు."

ఆ రోజు ఆగస్టు పదకొండు. రత్తమ్మ ఎల్లారావు వైపు తిరిగింది. "రేపు సరుకు దించాక చల్లపల్లి పోదాం పద."

"లాయరు ఇంటికా? పెద్దోళ్లతో మనకెందుకే, కోప్పడతాడేమో."

"కోప్పడనీ మావా. కోప్పడటానికైనా ఓసారి కనబడతాడు."

ఆయన ఇల్లు వెతుక్కోవటం కష్టం కాలేదు. గేటు దగ్గరే సబ్బు, బకెట్టు నీళ్లు పెట్టి ఉన్నాయి. లక్ష్మీకాంత్ వరండాలో కూర్చుని ఉన్నాడు, మాస్కు మీద మాస్కు, దాని మీద ముఖానికి ప్లాస్టిక్ రేకు. నలభై ఐదేళ్ల మనిషి, మార్చిలో చూసినప్పటికంటే సగమై ఉన్నాడు. ఆవిణ్ణి గుర్తుపట్టి, గేటు దగ్గరే ఆగమని చెయ్యెత్తాడు.

"మీ ఫైలేనా అమ్మా? చూశాను, చూశాను. ఆల్మోస్ట్ అయిపోయినట్టే. ఒకట్రెండు పాయింట్లు..."

"ఒక్కసారి పైలు చూపిస్తారా సార్?"

"ఎందుకమ్మా?"

"ఊరికే. మా కాగితాలు బాగున్నయ్యో లేదో చూసుకుపోతా."

ఆయన లోపలికి వెళ్లి చేతులకు గ్లవ్సు తొడుక్కుని, రెండు వేళ్లతో ఫైలు పట్టుకుని వచ్చాడు. దాన్ని చూడగానే రత్తమ్మకు అర్థమైపోయింది. మార్చిలో ఫైలు తాడు తెగితే ఆవిడే ఇంట్లో ఉన్న వలదారంతో కట్టింది. వల చినిగినచోట వేసే ముడి అది. గిలకలదిండిలో పసిపిల్లలకు కూడా వచ్చు, గవర్నర్‌పేటలో ఎవరికీ రాదు. విప్పాలంటే తెలిసుండాలి, లేదా కోసెయ్యాలి. దారం కొయ్యలేదు. ముడి వేసింది వేసినట్టే ఉంది.

"ఇది నేనేసిన ముడి సార్," అంది. "మార్చిలో ఏశాను. మీరు విప్పనే లేదు."

లక్ష్మీకాంత్ ఫైలు వైపు చూశాడు. గుమ్మంలో నిలబడిన ఆయన భార్య ఆయన వైపు చూసింది. లాయరు ముఖం మీది రేకు తీసి బల్ల మీద పెట్టాడు.

"భయమేసిందమ్మా," అన్నాడు. "నాతో రోజూ కోర్టుకొచ్చే ఫ్రెండు ఏప్రిల్లో పోయాడు. కాగితాల మీద నుంచి అంటుకుంటుందని ఎవరో అన్నారు. వచ్చిన ఫైళ్లన్నీ సంచుల్లో వేసి షెడ్డులో పెట్టేశాను. ఈ రోజు తీద్దాం, రేపు తీద్దాం అనుకుంటూనే... సురేష్‌ని ఏదో ఒకటి చెప్పమన్నాను."

రత్తమ్మకు జాలి కలిగింది, అబద్ధమెందుకు. కానీ దానికంటే ముందు కోపమే వచ్చింది. తన కూతురు రోజుకు వందమంది ముక్కుల్లో పుల్లలు పెడుతోంది. ఈయన జిరాక్సు కాగితాలు ముట్టుకోవటానికి ఐదు నెలలు భయపడ్డాడు. ఆ ముక్క మొదట్లోనే చెప్పి ఉంటే బ్యాంకుకు పోయి ఇంకో లాయర్ని ఇమ్మని పోట్లాడేది కదా!

"భయమేత్తే భయమేత్తందని చెప్పాల సార్. ఇంకు అయిపోయిందని చెప్తారా?"

ఆయన ఫైలు గేటు దగ్గరకు తెచ్చి పట్టుకున్నాడు. ఆవిడ గేటు సందులోంచి చెయ్యి పెట్టి ముడి విప్పి ఇచ్చింది. ఎల్లారావు ఆటోలోంచి ఖాళీ ట్రే తెచ్చి బోర్లించాడు. దాని మీద కూర్చుని, "చదవండి సార్, నేనిక్కడే ఉంటా," అంది.

రెండు గంటలు చదివాడు. మొదటి పేజీలు గ్లవ్సుతో తిప్పాడు, తర్వాత పేజీలు అతుక్కుంటున్నాయని తీసేశాడు. లాయరుగారి భార్య ఇద్దరికీ మజ్జిగ పంపింది. ఆఖర్న ఆయన కళ్లజోడు తీసి, "ఒక చిక్కుందమ్మా," అన్నాడు.

రామకోటేశ్వరరావుగారి తండ్రి వీలునామా రాయకుండా పోయాడు. ఆయనకు ఒక కూతురు కూడా ఉంది, సీతారావమ్మ. ఇంట్లో ఆవిడకూ సగం హక్కుంది. ఆ హక్కు వదులుకుంటున్నట్టు ఆవిడ రిజిస్టరు చేసివ్వనిదే అమ్మకం చెల్లదు.

"ఈ ముక్క ఏప్రిల్లో చెప్పుంటే!" అంది రత్తమ్మ.

అక్కడినుంచే రామకోటేశ్వరరావుగారికి ఫోను చేసింది. ఆయన నసిగాడు. అక్కగారితో తొమ్మిదేళ్లుగా మాటల్లేవట. ఎవరి పెళ్లిలోనో పలకరింపు దగ్గర వచ్చిన పట్టింపు. "మా అక్క సంతకం పెట్టదమ్మా. అయినా గడువు గడువే," అన్నాడు. లక్ష్మీకాంత్ ఇదంతా విన్నాడు. లోపలికి వెళ్లి, తెల్ల కాగితం మీద స్వయంగా చేత్తో రాసి తెచ్చాడు. లోపం అమ్మేవాళ్ల హక్కులోనే ఉంది కాబట్టి, అది సరిచేసేదాకా కొనేవాళ్ల అడ్వాన్సు ముట్టుకోవటానికి వీల్లేదని. ఫొటో తీసి రామకోటేశ్వరరావుగారికి వాట్సాప్‌లో పంపాడు కూడా. "ఇదొక్కటైనా ఆలస్యం చెయ్యను," అన్నాడు.

కాగితాల్లో ఉన్న అడ్రసును బట్టి సీతారావమ్మగారిది పామర్రు. తిరుగుదారిలోనే. డెబ్భై ఏళ్ల మనిషి, వాకిట్లో మినుములు ఎండబోసుకుంటోంది. రత్తమ్మ దూరంగా నిలబడి సంగతంతా చెప్పింది. ముసలామె చెయ్యి మినుముల మీదే ఆగిపోయింది.

"మా నాన్న కట్టిన ఇల్లు అమ్ముతున్నాడా? ఆ మాట నాకు నువ్వొచ్చి చెప్పాలా?"

"నాకూ ఇయాలే తెలిసిందండీ, మీరున్నారని."

"నాకు అందులో ఇటుక ముక్క కూడా వద్దమ్మా. వాణ్ణి వచ్చి అడగమను. ఫోన్లో కాదు, ఇక్కడికొచ్చి."

ఆయన రానన్నాడు. పరువుపోతుందన్నాడు. ఆ వారమంతా రత్తమ్మ చేపలు కోస్తూ చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని ఆయన్ను బతిమాలింది, నిలదీసింది. ఆఖరికి, "మీ పరువు కోసం నా పిల్ల రోడ్డున పడాలా అండీ? పొద్దున ఐదింటికి ఆటో మీ గేటు ముందుంటుంది. ఎక్కితే ఎక్కండి, లేకపోతే నేను గేటు ముందే కూచుంటా," అంది. వీధిలోవాళ్లు చూస్తారనుకున్నాడో, లాయరు కాగితానికి జంకాడో, ఎక్కాడు.

పామర్రులో అక్కాతమ్ముడూ వాకిలికి ఆ చివరొకరు, ఈ చివరొకరు నిలబడ్డారు. ముందు సీతారావమ్మే, "మాస్కు తియ్యరా, ఓసారి మొహం చూస్తాను. ఎంత చిక్కిపోయావు?" అంది. ఆయన మాస్కు తీశాడు. ఇల్లు సంగతి ఆయన అడగనే లేదు. ఆవిడ సెప్టెంబరులో వచ్చి సంతకం పెట్టింది.

అంతటితో అయిపోయిందని రత్తమ్మ అనుకుంది. లక్ష్మీకాంత్ రాసిచ్చిన ఒపీనియన్‌లో ఆవిడ పేరు "రత్నమ్మ" అని పడింది. అది దిద్దించటానికి తొమ్మిది రోజులు, ఆ పైన బ్యాంకు లోను చేతికి రావటానికి ఇంకో నెల. ఈలోగానే మేడ మీది ఓనరు సామాను బయట పెట్టిస్తే, ఉష ల్యాబులో పనిచేసే శాలిని వాళ్ల వెనక గదిలో నెలన్నర తలదాచుకున్నారు. అక్కడ ఏడుగురికి ఒక్కటే స్నానాలగది.

నవంబరులో రిజిస్ట్రేషనుకు వెళితే, ఇరవై రెండేళ్లు పొలుసు గీకిన రత్తమ్మ వేళ్లను మిషను గుర్తుపట్టలేదు. బొటనవేలు పడలేదు. చూపుడువేలు పడలేదు. శానిటైజరు తుడిచి పెట్టారు, పౌడరు రాసి పెట్టారు. వెనక వరసలోవాళ్లు విసుక్కుంటున్నారు.

"మీకు గీతలే లేవేంటమ్మా?" అన్నాడు కంప్యూటరు ముందున్న కుర్రాడు.

"అరిగిపోయినయ్యి బాబూ. మీ ఆఫీసుల సుట్టూ తిరిగి కాళ్లు కూడా అరిగినయ్యి, సూపించమంటావా?"

ఆఖరికి ఎడమచేతి చిటికెనవేలు పడింది. ఉష నవ్వింది. ఎల్లారావు అప్పటిదాకా కట్టుకున్న చేతులు విప్పాడు. రామకోటేశ్వరరావుగారు తాళాలు ఇస్తూ, "అక్క మిమ్మల్ని అడిగిందమ్మా," అన్నాడు.

రత్తమ్మకు సంతోషం రాలేదు. కాళ్లు మాత్రం లాగాయి. బల్ల దగ్గరకెళ్లి దస్తావేజు ఎప్పుడిస్తారని అడిగింది.

"పది రోజులు," అన్నారు.

"పది రోజులంటే ఎన్ని రోజులండీ?"

ఆ మనిషి తలెత్తి చూసి, మళ్లీ కంప్యూటరు వైపు తిరిగాడు. దస్తావేజు ఇరవై మూడో రోజున వచ్చింది. కానీ రిజిస్ట్రేషనైన వారమే యనమలకుదురులో దిగిపోయారు. మొదటి రోజు రత్తమ్మ సామాను సర్దలేదు, అమ్మకానికి పోలేదు. ఖాళీ గదిలో గచ్చు మీద చాప వేసుకుని పడుకుని, మధ్యాహ్నం రెండింటిదాకా లేవలేదు. ఉష తల్లి ఫోను తీసి, చప్పుడు రాకుండా నొక్కి, పక్కన పెట్టింది.