చెట్టుకు కట్టిన చీర

మా తమ్ముడికి మాటలు రావు. వదిలేస్తే ఎటు పడితే అటు పరిగెత్తేవాడు. అందుకే అమ్మ మామిడితోటలో కూలిపని చేసినంతసేపూ వాణ్ణి పాతచీరతో చెట్టుకు కట్టేసేది. దారినపోయేవాళ్ళంతా అమ్మను తిట్టేవాళ్ళే గానీ, ఒక్కపూట వాణ్ణి చూసుకుంటామన్నవాళ్ళు లేరు. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఎనభైల్లో ఒక టీచరమ్మగారు నూజివీడులో ఇలాంటి పిల్లల కోసం ఉచితంగా బడి పెట్టారు. ఒక మామిడి వ్యాపారి ఖాళీగా ఉన్న తన షెడ్డు ఇచ్చారు. తమ్ముణ్ణి అక్కడ దింపి అమ్మ నిశ్చింతగా పనికెళ్ళేది.

వేసవి రాగానే కాయల లారీ వచ్చి షెడ్డు ముందు ఆగింది. ఇక బడి మూసేస్తారనుకున్నాం. ఇంతలో వ్యాపారి వచ్చి, "లోపల పిల్లలున్నారు, కనబడట్లా? కాయలు చెట్టుకింద పోయండ్రా!" అని కూలీల మీద కేకలేశారు.

ఆ సాయంత్రమే అమ్మ ఆ చీర చింపి మసిగుడ్డలు చేసేసింది.