నన్ను బయటికి పంపి డాక్టరు చెప్పిన మాట

నాలో ప్రోస్టేట్ అనే గ్రంథి ఒకటుందని యాభై అయిదేళ్లు దాటేదాకా నాకు తెలియదు. అది నా జోలికి రాలేదు, నేను దాని ఊసెత్తలేదు. రెండువేల సంవత్సరం దాటాక ఘాజియాబాద్‌లో ఫ్లాటు కొనుక్కుని, ఢిల్లీలోని ఆఫీసుకి చార్టర్డ్ బస్సులో వెళ్లొస్తున్న రోజుల్లో అది తానున్నానని గుర్తుచేసింది.

చార్టర్డ్ బస్సంటే మాలాంటి ప్రభుత్వోద్యోగులు కలిసి నెలకింతని కిరాయికి మాట్లాడుకున్న బస్సు. ఎవరి సీటు వాళ్లదే, దారిలో ఆగదు. యమున వంతెన మీద ట్రాఫిక్ జామ్ అయితే వెనక సీట్లవాళ్లు హాయిగా పేక తీసేవాళ్లు. నాకు మాత్రం చెమటలు పట్టేవి. తీరా ఇంటికొచ్చి బాత్రూంకి పరుగెత్తితే, దారంతా ప్రాణం తీసిన మూత్రం అక్కడ నిలబడ్డాక రాదు. వచ్చినా సన్నగా, ఆగి ఆగి, ఎవరో బతిమాలితే వస్తున్నట్టుగా ఉండేది.

ఒక చలికాలం జలుబు చేస్తే మందుల షాపు భయ్యాని అడిగి ఏదో మాత్ర వేసుకున్నాను. తెల్లారేసరికి మూత్రం పూర్తిగా బందయింది. పొత్తికడుపు రాయిలా బిగిసింది. ఆసుపత్రిలో గొట్టం వేసి మూత్రం తీశాక గానీ నాకు మాట రాలేదు.

రెండ్రోజులకి ఆ గొట్టం తీసేసి, అక్కడి పెద్ద డాక్టరు, నెరిసిన గడ్డపు పంజాబీ ఆయన, నన్నూ మా ఆవిడనూ కూర్చోబెట్టి కాగితం మీద బొమ్మ గీశాడు. మూత్రాశయం కింద, మూత్రం వచ్చే దారి చుట్టూ ఉంగరంలా ఉంటుందట ఈ గ్రంథి. వీర్యంలో కలిసే ద్రవాన్ని తయారుచేయడం దాని పని. అక్రోట్ కాయంత ఉండాల్సింది వయసుతో పాటు పెరిగి దారిని నొక్కుతుంది. కుర్రవాళ్లకైతే ఇదే గ్రంథికి ఇన్ఫెక్షన్ వచ్చి నొప్పి, జ్వరం వస్తాయట, నాది ఆ బాపతు కాదు. జలుబు మాత్ర అక్కడి కండరాన్ని ఇంకా బిగించిందట, ఇకమీదట అడగకుండా ఏ మాత్రా మింగొద్దన్నాడు. వేలితో పరీక్ష చేశాడు, రక్తపరీక్ష కూడా బాగానే ఉందన్నాడు. దారి వదులయ్యేందుకు రోజూ వేసుకోమని ఒక మాత్ర రాశాడు.

“క్యాన్సర్ నహీ హై, భాయీసాబ్. ఉమర్ కే సాథ్ బఢ్‌తా హై, బస్,” అన్నాడు. క్యాన్సర్ కాదు, వయసుతో పెరిగేదే అని.

మూత్రం ఎంత వేగంగా వస్తోందో కొలిచే యంత్రం పక్కగదిలో ఉందని నన్ను అక్కడికి పంపాడు. ఆ పని ముగించుకుని నేను తలుపు తోసేసరికి ఇద్దరి మాటలూ ఠక్కున ఆగిపోయాయి. మా ఆవిడ మొహం కందిపోయి ఉంది. నావైపు చూడకుండా హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తీసి మళ్లీ వేసింది. క్యాన్సరే, నాకు దాస్తున్నారనుకున్నాను.

అనుమానానికి కారణముంది. మా మామగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినప్పుడు చివరి నెలలు మా దగ్గరే ఉన్నారు. ఆయనకి చెప్పకూడదని ఇంటిల్లిపాదీ అనుకున్నాం. “కఫం పట్టింది నాన్నా, తగ్గిపోద్ది,” అని రోజూ నవ్వుతూ చెప్పింది ఈవిడే. డాక్టరుకి, పక్కింటి ఆంటీకి, పాలవాడికి కూడా ముందే చెప్పి పెట్టింది. కాదు అని చెప్పడంలో ఆమె ఎంత ఘటికురాలో నేను కళ్లారా చూశాను. ఇప్పుడు ఆ “కాదు” నా వంతుకొచ్చింది.

ఇంట్లో అంతా తేడాగా కనిపించసాగింది. బూట్లు గదిలోకి తెచ్చినా ఆవిడ కసరలేదు. అడక్కుండానే గుత్తివంకాయ చేసింది. ఎప్పుడూ హిందీలో తప్ప జవాబివ్వని మా అమ్మాయి ఒకరోజు “నాన్నా, నీళ్లు కావాలా?” అని తెలుగులో అడిగింది. బస్సులో ఒకాయన తలుపు పక్క సీటు నాకిచ్చి తాను వెనక్కి వెళితే, ఈయనకెవరు చెప్పారా అని రోజంతా కుమిలిపోయాను. మాత్ర దేనికని షాపు భయ్యాని అడిగితే ప్రోస్టేట్‌కే అన్నాడు. కానీ మా ఆవిడ సరుకంతా ఆ కొట్ల వరసలోనే కొంటుంది, వాడికీ ముందే చెప్పి పెట్టి ఉంటుందని వాడినీ నమ్మలేదు.

మాత్ర మింగడం మానేశాను. పోయేవాడికి మందెందుకని కోపం. మూత్రం మళ్లీ బిగుసుకోసాగింది.

ఆదివారం పొద్దున ఉతకడానికని కోటు జేబులు తడిమి, నేను మింగకుండా దాచిన మాత్రలన్నీ మా ఆవిడ పట్టుకుంది.

“ఏంటండీ ఇవి? మళ్లీ ఆ గొట్టం వేయించుకుంటారా?”

“ఆ రోజు నన్ను బయటికి పంపి డాక్టరు నీకేం చెప్పాడు? అది ముందు చెప్పు.”

ఆమె మొహం మళ్లీ కందిపోయింది. అమ్మాయి గదివైపు చూసి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

“ఈ మాత్ర వేసుకుంటే... మనం దగ్గరగా ఉన్నప్పుడు... మీకది బయటికి రాకపోవచ్చంట. వెనక్కి మూత్రాశయంలోకి పోద్దంట. ప్రమాదమేం లేదు, మీ ఆయన కంగారుపడతాడేమో, నువ్వే మెల్లగా చెప్పమ్మా అన్నాడు. ఎట్లా చెప్పను? ఆయన హిందీలో అంటేనే నాకు తలెత్తబుద్ధి కాలేదు, మళ్లీ తెలుగులో నేను అనాలా?”

“అంతేనా?”

“అంతే.”

“మీ నాన్నకీ ఇట్లాగే కఫం అన్నావుగా.”

నోరు జారింది. ఆమె మంచం మీద కూలబడింది.

“నాన్నకి తెలుసండీ.”

“ఏం తెలుసు?”

“అది క్యాన్సరని. ఒకరోజు మీరు ఆఫీసుకెళ్లాక నా చెయ్యి పట్టుకున్నాడు. ‘నువ్వంత కష్టపడి నవ్వుతుంటే పాడుచెయ్యబుద్ధి కాలేదమ్మా’ అన్నాడు. ఆ తర్వాత మూడ్రోజులే ఉన్నాడు. మేమిద్దరం పక్కపక్కన కూర్చుని ఏడవాల్సిన నెలలన్నీ అబద్ధాల్తో గడిపేశాం. మీక్కూడా చెప్పుకోలేకపోయా.” కొంగుతో మొహం తుడుచుకుంది. “అదే గనక మీకొచ్చుంటే ఆసుపత్రి మెట్ల మీదే మీ మీద పడి ఏడ్చేదాన్ని. ముందు మీకే చెప్పేదాన్ని. మళ్లీ ఒక్కదాన్నే మొయ్యడం నా వల్ల కాదు.”

డాక్టరు మాట నమ్మనివాణ్ని, ఆ మాట నమ్మాను.