వాతావరణ మడి

ఇప్పుడు ఫోను తెరిస్తే ఏ మబ్బు ఎక్కడుందో రంగురంగుల్లో కనిపిస్తుంది. నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మనివాళ్ళు తలెత్తి ఆకాశం చూస్తారు. నేను ఉద్యోగంలో చేరిన ఆ కొత్తల్లో మాత్రం, అల్లూరు నుంచి సముద్రం దాకా ఉన్న ఊళ్ళకి రేపు వాన పడుతుందో లేదో చెప్పే బాధ్యత మొత్తం నా మీదే ఉండేది. (ఇది నా మాట కాదు, మా మామ ఊరంతా చెప్పుకున్న మాట.) డిగ్రీలో లెక్కలు చదివి, ఆ లెక్కలతో ఏం చెయ్యాలో తెలియక అల్లూరు కేబుల్ చానల్లో చేరాను. చానల్ ఓనర్ని అందరూ డిష్షన్న అనేవాళ్ళు. రెండో వారమే ఆయన తన పెళ్ళినాటి కోటు తెచ్చి నా భుజాన వేసి, "వార్తలకి ఆ అమ్మాయి ఉండాది గానీ, నువ్వు వాతావరణం చదువబ్బయా. దానికి మొహంతో పెద్ద పన్లేదు" అన్నాడు. కోటు నాకు రెండు సైజులు పెద్దది. వెనక పిన్నులు పెట్టి బిగించేవాళ్ళు కాబట్టి, అల్పపీడనం గురించి చెప్పేటప్పుడు నా మొహంలో కనిపించిన ఆందోళన నిజమైనదే.

ఆ ఏడాది చలికాలం సరిగ్గా లేదు. ఒక అల్పపీడనం పోయిందనుకుంటే ఇంకొకటి వచ్చేది. వాతావరణ కేంద్రం వాళ్ళు పంపిన కాగితంలో రోజూ ఒకటే వాక్యం: దక్షిణ కోస్తాలో ఒకటి రెండు చోట్ల ఓ మోస్తరు నుంచి భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది. ఆ ఒకటి రెండు చోట్లు ఏవో చదివే నాకూ తెలియదు, రాసినవాళ్ళకీ తెలియదు. మా మేనమామకి మాత్రం తెలుసు. అందులో ఒకటి తన పొలమేనని ఆయన నమ్మకం.

మామకి కాలవ కింద మూడెకరాలు ఉండేవి. మా వైపు నాట్లు పడేది ఆ చలికాలపు వానల్లోనే. నారు నెల రోజులకి నాటుకి అందుకుంటుంది, ఆ తర్వాత ముదిరిపోతుంది. ముదిరిన నారు నాటితే పిలకలు వెయ్యదు, ఏడాది పంట పోయినట్టే. నాటిన రెండు మూడు రోజుల్లో పెద్ద వాన పడినా అంతే, వేళ్ళు పట్టని నారు నీళ్ళ మీద తేలిపోతుంది. ఈ రెండిటి మధ్య మంచి రోజు చూసి నాట్ల ముఠాని పిలవాలి. అంతకు ముందు ఆ రోజు ఏదో మా తాత గాలిని బట్టి చెప్పేవాడట. ఆ ఏడు మామ ఆ పని మేనల్లుడికి అప్పగించాడు.

సోమవారం భారీ వర్షం పడుతుందని చదివాను. మామ ముఠాని వద్దన్నాడు. సోమవారం కాసిన ఎండకి ఎదురింటివాళ్ళు పరుపులు ఎండేసుకున్నారు. వద్దన్న ముఠా ఊరుకుంటుందా, పక్క ఊరికి పోయింది. మళ్ళీ మామ వంతు రావడానికి పది రోజులన్నారు. రెండు రోజుల తర్వాత పొడి వాతావరణమని చదివాను. అది విని మా అత్త మిద్దె మీద గుమ్మడి వడియాలు పెట్టింది. మధ్యాహ్నానికి వడియాలు మళ్ళీ పిండిగా మారి తూము గుండా వీధిలోకి దిగాయి. ఆ సాయంత్రమే మా అత్త ఊరికి ఒక సూత్రం ఇచ్చింది. "అబ్బయ వానంటే ఎండ, ఎండంటే వాన. అట్టా చూసుకోండి, ఏ బాధా లేదు."

నిజంగానే ఏ బాధా లేకపోయింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ వారం రోజులూ ఆ సూత్రం ఒక్కసారి కూడా తప్పలేదు. నేను ఉరుములతో కూడిన వర్షమంటే ఆడవాళ్ళు చాపలు పట్టుకుని మిద్దెలెక్కేవాళ్ళు. ఆకాశం నిర్మలంగా ఉంటుందంటే కట్టెలు లోపల పెట్టుకునేవాళ్ళు. ఒక పెద్దాయన బస్సులో నా చెయ్యి పట్టుకుని, "నువ్వు చెప్పబట్టే నాయనా మా మిరపకాయలు దక్కినాయి" అన్నాడు. థాంక్సండీ అన్నాను. ఇంకేమనాలి?

ఈలోగా మామ నారుకి నలభై రోజులు దగ్గరపడ్డాయి. ముఠా గురువారం వస్తామంది. అది దాటితే ఇక నారు గడ్డికే. బుధవారం మధ్యాహ్నం వచ్చిన కాగితంలో మాత్రం ఒకటి రెండు చోట్లు లేవు. చాలా చోట్ల భారీ నుంచి అతి భారీ వర్షాలు, మూడు రోజుల పాటు, అని ఉంది. సముద్రం వైపు నల్లగా మూసుకొచ్చింది. డిష్షన్న తన డిష్షుల్ని తాళ్ళతో కట్టిస్తున్నాడు. ఈసారి నిజమని నాకు తెలిసిపోయింది. ఆ కాగితం ఉన్నదున్నట్టు చదివాను, గొంతు పెంచి రెండుసార్లు చదివాను. చదువుతూ ఉండగానే, ఇది విని మామ నిశ్చింతగా నాట్లకి సిద్ధమవుతాడని కూడా తెలిసిపోయింది.

అప్పుడు నా లెక్కల చదువు పనికొచ్చింది. (అదే మొదలు, అదే చివర.) నేను చెప్పింది వాళ్ళు తిరగేసుకుంటారు. కాబట్టి నేనే ముందు తిరగేసి చెప్తే వాళ్ళు దాన్ని సరిచేసుకుంటారు. కోటు విప్పకుండానే మామకి ఫోన్ చేశాను.

"మామా, నేను మామా. రేపు ఎండ మామా. చినుకు కూడా పడదు మామా."

"టీవీలో వానన్నావే?"

"అది ఎవరో రాసిచ్చింది మామా. నా మాటగా చెప్తాండా మామా, ఎండే మామా."

మామ గొంతు బరువుగా వచ్చింది. "ఇన్నాళ్ళకి నీ నోటితో, నా కోసరం చెప్పినావురా. చాలు."

ఫోన్ పెట్టేశాడు. నేను చేసింది నాకు అప్పుడు అర్థమైంది. తిరగెయ్యడం టీవీకే గానీ, సొంత మేనల్లుడు పనిగట్టుకుని ఫోన్ చేసి చెప్పిన మాటని ఎవరు తిరగేస్తారు? మామ లెక్కలో ఇప్పుడు రెండు వైపుల నుంచీ ఎండే వచ్చింది. మళ్ళీ చేస్తే ఫోన్ కలవలేదు. గాలికి టవరు పోయింది. తెల్లవారి మొదటి బస్సుకి బయల్దేరాను, అది గాలికి రోడ్డు మీద పడిన చెట్లు చూసి సగం దూరంలో ఆగిపోయింది.

వాన మూడు రోజులు పడింది. నాలుగో రోజు నేను పొలానికి పోయేసరికి మామ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, గట్టుకి కొట్టుకొచ్చిన నారుని చేతులతో ఏరుతున్నాడు. నన్ను చూసి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"అబద్ధం ఎందుకు చెప్పినావురా?"

నేను లెక్కంతా చెప్పాను. ఆయన నారు చేతిలో పట్టుకునే శ్రద్ధగా విన్నాడు. విని, "అంటే, నిజం చెప్పినా నాటేవాణ్ణే, అబద్ధం చెప్పినా నాటినాను. ఇందులో నీ తప్పేముండాదిలే" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

గట్టు మీద నుంచి మా అత్త, "ఇద్దరూ ఆ ఏడుపు ఆపి ఇటు చూడండి" అంది. చూస్తే నారుమడి సగం అట్టాగే పచ్చగా ఉంది. గురువారం పొద్దున ముఠా వచ్చాక, సగం పీకేసరికి ఆవిడ మడిలో అడ్డంగా నిలబడిందట. మామ అరిచినా కదల్లేదట. ఎందుకని అడిగాను. "ఫోను స్పీకర్లో పెట్టినాడు మీ మామ. నువ్వు ఏడు తూర్లు మామా అన్నావు. చిన్నప్పుడు జామకాయలు తిని తినలేదన్నప్పుడూ నీకు మామా ఎక్కువే వచ్చేది" అంది.

ముదిరినా సరేనని ఆ మిగిలిన నారుతోనే సగం పొలం నాటారు. మిగతా సగానికి ఊళ్ళో వాళ్ళనీ వీళ్ళనీ అడిగి నారు తెచ్చారు. ముఠా దొరక్క నేనూ దిగాను. ఒక చిన్న మడి నా చేత్తో నాటాను. ఆ వరసలు వాతావరణ కేంద్రం మ్యాపులో గీతల్లాగా వంకర్లు తిరిగాయి. ఆ మడికి ఊళ్ళో వాతావరణ మడి అని పేరు పడిపోయింది. పంట తగ్గింది గానీ పొలం బీడు పడలేదు.

ఆ చానల్ ఇప్పుడు లేదు. నేను నెల్లూరులో ఇంకేదో ఉద్యోగం చేసుకుంటున్నాను. అయినా ఏటా నారు అందుకునే వేళకి మామ ఫోన్ చేస్తాడు. ఫోన్లో ఆ రంగుల మబ్బులు ఆయనా చూడగలడు, చూడడు. మొన్న కూడా చేశాడు.

"ఏమబ్బయా, వాన పడతాదా?"

పిన్నులు గుచ్చుకునే కోటులో, ఊరందరి ఆకాశం తన చేతిలో ఉందనుకున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. వాడి మీద కొంచెం జాలి కూడా వేసింది.

"తెలీదు మామా" అన్నాను.

వెనక నుంచి అత్త గొంతు వినిపించింది. "ఎన్ని తూర్లన్నాడు?"

"ఒక్క తూరే."

"అయితే నిజమే. పెట్టెయ్ ఫోను."