నైట్ డ్యూటీ వారం

మావారిది భిలాయి ప్లాంటులో షిఫ్ట్ డ్యూటీ. ఒక వారం ఉదయం, ఒక వారం మధ్యాహ్నం, మూడో వారం నైట్. ఆ మూడో వారం మా ఇంట్లో పగలే రాత్రి. అందరం పిల్లి అడుగులు వేసేవాళ్లం. కాలింగ్ బెల్‌కి గుడ్డ చుట్టేదాన్ని. కుక్కర్ అటకెక్కించి గిన్నెలో అన్నం వార్చేదాన్ని. కూరగాయల బండి భయ్యా కూడా మా గేటు దగ్గరికి వచ్చేసరికి అరుపు మింగేసేవాడు. ఏ మూతైనా జారిపడిందా, పడకగదిలోంచి "ఏటే ఆ గోల?" అని కేక వినబడేది. ఆ కేకకి నేను హడలిపోతాననుకునేవారు పాపం. భయమూ లేదు, పాడూ లేదు. మనిషి నిద్ర చెడిందే అన్న విసుగు, అంతే.

పోయిన వానాకాలంలో ఆయన గుండెపోటుతో పోయారు. ఇప్పుడిలా రాస్తున్నాను గానీ, నెలల తరబడి ఆ మాట నా నోటివెంట రాలేదు. పరామర్శకు వచ్చినవాళ్లే అనేవారు. తెలుగులో అన్నారు, హిందీలో అన్నారు, పక్కింటి దీదీ ఛత్తీస్‌గఢీలో కూడా అంది. ఆ ఓదార్పులకు నాకు ఒళ్లు మండేది. నన్ను ఎవరూ ఓదార్చలేని భాష ఒకటి కావాలనిపించి, ఆన్‌లైన్‌లో స్పానిష్ క్లాసులో చేరాను.

మా అమ్మాయి నవ్వింది. "ఏటమ్మా, ఈ ఉమర్లోనా?"

"మరెప్పుడే?" అన్నాను.

పాఠం చెప్పే టీచరమ్మ పూణేలో ఉంటుంది. నా ఇంటి సంగతులేవీ ఆవిడకు తెలియవు. అదే నాకు హాయి. ఒకరోజు పదకొండింటి క్లాసులో, "కాస్త గట్టిగా చెప్పండి మేడమ్, వినబడటం లేదు" అంది.

"మావారు పడుకున్నారు. నైట్ డ్యూటీ" అన్నాను, తడుముకోకుండా.

అన్నాక చుట్టూ చూసుకున్నాను. పడకగది తలుపు వేసి ఉంది. వేసింది నేనే. పొయ్యి మీద అన్నం గిన్నెలో ఉడుకుతోంది. వేళ్ల మీద లెక్కేశాను. ఆయన ఉండి ఉంటే అది నిజంగా నైట్ వారమే. నాకు తెలియకుండానే నా చేతులు ఒక్క వారం తప్పకుండా ఆయన డ్యూటీ చేస్తున్నాయి. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, సంతోషం వేసింది. ఆ తలుపు వెనక మనిషి ఉన్నట్టే ఉంది.

ఆ రోజు పాఠం, ఒకప్పుడు రోజూ జరిగినవాటిని చెప్పే భూతకాలం. టీచరమ్మ నా మాటే అందుకుంది. "అయితే మీవారి గురించే చెప్పండి. పెళ్లైన కొత్తలో ఏం చేసేవారు?"

నాకొచ్చిన క్రియలు పదో పన్నెండో. తినేవారు, అన్నాను. డ్యూటీకి వెళ్లేవారు, అన్నాను. మూడోది పడుకునేవారు. 'దోర్మీయా' అనాలి. ఆ మాట అనేస్తే ఆ గది ఖాళీ అయిపోతుంది.

అప్పుడే మా అమ్మాయి బజారు నుంచి వచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ల మీద నడుస్తోంది. వాళ్ల నాన్న నైట్ వారాల్లో చిన్నప్పటి నుంచీ దానికి అదే అలవాటు. వారాలు లెక్క పెడుతున్నది నేనొక్కదాన్నే కాదని అప్పుడు తెలిసింది. నేను చూస్తున్నానని అది కూడా తన చేతిలోని చెప్పులకేసి చూసుకుంది.

"అమ్మా, మనం ఎవరి కోసం ఇంత ధీరే నడుస్తన్నాం?" అంది. అదీ గుసగుసగానే.

నేను ఫోను వైపు తిరిగాను. "దోర్మీయా" అన్నాను, వీధిలోకి వినబడేలా. టీచరమ్మ మెచ్చుకుంది. "ఇప్పుడు లేరు. పోయారు" అని కూడా చెప్పి, ఆవిడ ఏదో అనబోయేలోపే ఫోను కట్టేశాను.

అటక మీద నుంచి కుక్కర్ దింపి పప్పు పెట్టాను. మొదటి కూతకి ఇద్దరం ఉలిక్కిపడ్డాం. మూడు కూతలు అయ్యేదాకా ఆ తలుపుకేసే చూస్తూ నిలబడ్డాం. తిట్టేవాళ్లెవరూ లేరు. నాలుగో కూత వస్తుంటే మా అమ్మాయి నన్ను పట్టుకుని గట్టిగా ఏడ్చింది. నేను దాని నోరు మూయలేదు.