కౌ మావయ్య ఆపిన పొగ

లాన్‌జో ఊరిని ఎవరో హడావుడిగా రెండు కొండల మధ్య ఇరికించి పోయారు. నడుమ పసుపు నది. చలికాలంలో చల్లగాలి లోయ అడుగున చతికిలబడుతుంది, దాని మీద వెచ్చటి గాలి మూతలా బిగుస్తుంది. మూత కింద నాలుగు నెలల బొగ్గు పొగ. జనవరిలో ఆ ఊరి కాకులు ఎగరడం మానేసి నడిచి వెళ్తాయంటారు. అబద్ధమని ఎవరూ ఒట్టు వెయ్యలేరు, జనవరిలో కాకులు కనబడితే కదా!

ఆ మూత కింద కౌ యుంగ్‌త్సాయ్ ముప్ఫై ఒక్క చలికాలాలు బాయిలర్‌కి బొగ్గు మేపాడు. ఆరు భవనాల కాలనీకి వెచ్చదనం అతని పార మీదే వచ్చేది. పొగగొట్టం మొదట్లోనే అతని గది. పొగ పైకెక్కి పోతే ఆ పూట మంచిది. సగం దూరంలో నడుం విరిగినట్టు వంగి వాకిట్లోకి దిగితే మూత పడినట్టు.

వసంతంలో ఎడారి ఇసుక వస్తుంది. "ఇసుకైతే తుమ్మితే పోతుంది. ఈ పొగ కాపురానికొచ్చిన కోడలు, పోదు" అనేది అతని భార్య గుయ్‌షియా. ముప్ఫై ఒకటో చలికాలానికి ఆమెకి తుమ్మే ఓపిక కూడా లేకపోయింది. దగ్గు మొదలైతే మంచం కోడు పట్టుకుని నీలంగా మారిపోయేది.

"వసంతం దాకా పొగలో ఉంచకు" అన్నాడు డాక్టరు.

"మరెక్కడ ఉంచమంటారు? నది మీదా?" అన్నాడు కౌ.

రాత్రంతా లోయ చల్లారి, తెల్లవారేసరికి మూత బాగా బిగుస్తుందనీ, ఎండ లోయలోకి దిగాక పదిన్నరకి కాస్త సడలుతుందనీ అతనికి తెలుసు. రోజూ ఐదింటికి వెలిగించే బాయిలర్‌ని పదిన్నరకి వెలిగించడం మొదలుపెట్టాడు. ఎవరినీ అడగలేదు. మొదటి రోజు గుయ్‌షియా దగ్గకుండా లేచి కూర్చుంది. రెండో రోజు ఎర్ర కారం తేలే గొడ్డుమాంసం నూడిల్స్ కావాలంది. కౌ గిన్నె పట్టుకుని, ఆ వయసులో, పరుగెత్తాడు.

మూడో రోజు పొద్దున ఆమె మళ్లీ దగ్గింది. మునుపటికంటే ఘోరంగా. కౌ బయటికొచ్చి చూశాడు. అతని గొట్టం చల్లగా నిలబడి ఉంది. ఆరు భవనాల కిటికీల్లోంచి మాత్రం సన్నటి రేకు గొట్టాలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. చలికి తట్టుకోలేక ఇంటింటా కుంపట్లు పెట్టి, చిల్లుల బొగ్గుబిళ్లలు కాలుస్తున్నారు. వందల గొట్టాల పొగ, మనిషి ముక్కు ఎత్తుకే దిగుతోంది.

కాలనీ పెద్దమ్మ షాంగ్ ఉష్ణమాపకం పట్టుకుని దిగింది. "చూడవయ్యా! తొమ్మిది డిగ్రీలు! నా మనవడి పాలసీసా మంచులా చల్లబడింది. నిద్రపోతున్నావా, చచ్చిపోయావా?"

"పొద్దున వెలిగిస్తే పొగ మన మీదే పడుతుందక్కా. గుయ్‌షియా ఊపిరి..."

"నీ పెళ్లానికి ఊపిరాడాలని నాలుగొందల గడపలు గజగజలాడాలా? నీ గొట్టమొక్కటి ఆరితే లాన్‌జో బాగుపడిపోతుందా, మహానుభావా?"

గదిలోంచి గుయ్‌షియా గొంతు వచ్చింది. "వెలిగించవయ్యా. నాకూ చలేస్తోంది."

ఆ పూటే వెలిగించాడు. మర్నాటి నుంచి ఐదింటికే. ఆ తర్వాత గడప గడపకీ తిరిగి, బాయిలర్ వేడినీళ్లు పారే గోడ గొట్టాల మీద చెయ్యి పెట్టి చూడమన్నాడు. "వేడిగా ఉన్నాయి కదా. ఆ కుంపటి తీసెయ్యండి, దణ్ణం పెడతాను."

"వేడిగానే ఉన్నాయి మావయ్యా," అన్నారు అందరూ మర్యాదగా. "కానీ నువ్వు రేపేం చేస్తావో ఎవరికి తెలుసు? కొన్న కుంపటి, ఉండనీ."

ఒక్కటీ తియ్యలేదు. బాయిలర్ పొగ, దాని కింద కుంపట్ల పొగ. పదహారు రోజులు అలా గడిచాక, వసంతపు గాలి ఇంకా నెల దూరంలో ఉండగా, గుయ్‌షియా పోయింది. ఆ రోజు కౌ పార పట్టలేదు.

మర్నాడు షాంగ్ పరామర్శకు వచ్చింది. చేతిలో చలికి గడ్డకట్టి నల్లబడ్డ బేరిపళ్లు, గుయ్‌షియా దగ్గుకు మంచివని ముందే కొని పెట్టిందట. చాలాసేపు కళ్లు తుడుచుకుంది. వెళ్తూ గుమ్మంలో ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

"రేపు ఐదింటికి వెలిగిస్తావుగా, తమ్ముడూ?"

"వెలిగిస్తానక్కా," అన్నాడు కౌ.